లక్సరా, స్పెయినా? 2027 గ్రహణానికి వైజాగ్ నుంచి బయల్దేరేవాళ్ళకి నా అనుభవం

మీరు అడిగింది ఇదీ: 2027 ఆగస్టు 2న వచ్చే సంపూర్ణ సూర్యగ్రహణం చూడటానికి అమ్మానాన్నల్ని, తొమ్మిదేళ్ళ పాపని తీసుకుని వైజాగ్ నుంచి వెళ్దామనుకుంటున్నారు. ఈజిప్టులోని లక్సర్ మంచిదా, స్పెయిన్ మంచిదా? ఎంత ముందు ప్లాన్ చేసుకోవాలి? ఎక్కడో ఒకచోట 99 శాతం గ్రహణం కనిపించినా సరిపోదా?

నా జవాబు లక్సర్. ఎందుకంటే మబ్బు. మిగతా లెక్కలన్నీ దాని తర్వాతే.

ఈ మాట అనడానికి నాకున్న అర్హత ఏమిటంటే, సంపూర్ణ గ్రహణం కోసం నేను నాలుగుసార్లు ఇంటినుంచి బయల్దేరాను. రెండుసార్లు గ్రహణం చూశాను, రెండుసార్లు మబ్బులు చూసి తిరిగొచ్చాను. పోర్టులో అకౌంట్స్ సెక్షన్లో పనిచేసి రిటైరైనవాణ్ణి, ఖగోళ శాస్త్రం చదువుకోలేదు. 1980 ఫిబ్రవరి 16న నాకు పదహారేళ్ళు. అప్పటి గ్రహణం కర్ణాటక, తెలంగాణల మీదుగా వచ్చి పూరీ దగ్గర సముద్రంలోకి వెళ్ళిపోయింది. వైజాగ్‌లో పాక్షికమే. ఆ పాక్షికం కూడా చూడనివ్వకుండా మా నాన్నగారు కిటికీలకి దుప్పట్లు కట్టి అందర్నీ నట్టింట్లో కూర్చోబెట్టారు. ఆ కచ్చ ఇప్పటికీ తీరలేదనుకుంటాను.

ముందు మీ 99 శాతం సంగతి తేల్చేద్దాం. సూర్యుడు పున్నమి చంద్రుడికన్నా దాదాపు నాలుగు లక్షల రెట్లు ప్రకాశవంతం. అందులో ఒక్క శాతం మిగిలినా నాలుగువేల పున్నమి చంద్రుళ్ళ వెలుగు ఉంటుంది. కాస్త మసక కమ్మినట్టు ఉంటుంది, అంతే. చీకటి పడదు, నక్షత్రాలు రావు, సూర్యుడి చుట్టూ ఆ తెల్లటి కిరీటం కనిపించదు. కాబట్టి నీడ దారి, అంటే చంద్రుడి నీడ భూమి మీద సాగే దారి, లోపలే ఉండాలి. కైరో ఆ దారిలో లేదు. మాడ్రిడ్ లేదు, బార్సెలోనా లేదు. "ఈజిప్ట్ గ్రహణం ప్యాకేజీ" అని ఎవరైనా కైరోలో హోటల్ చూపిస్తే ఆ రోజు ఏ ఊళ్ళో నిలబెడతారో రాతపూర్వకంగా అడగండి.

ఇక నా ప్రయాణాలు. మొదటిది 1995 అక్టోబర్ 24, కోల్‌కతా దగ్గరి డైమండ్ హార్బర్. దీపావళి మర్నాడు. పండగ పూట ఇల్లు వదిలి వెళ్ళినందుకు మా ఆవిడ ఏమందో ఇక్కడ రాయను. ఆఫీసు మిత్రులు ఇద్దరు, నేను హౌరా రైలెక్కి, అక్కడినుంచి సియాల్దా వెళ్ళి లోకల్ పట్టుకున్నాం. కాళీపూజ రాత్రి ఊరంతా టపాకాయలు, మాకు నిద్ర లేదు. పొద్దున్న ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. దాదాపు తొమ్మిదింటికి హుగ్లీ ఒడ్డున చీకటి పడింది. అక్కడ సంపూర్ణం నిమిషం పైన కొన్ని సెకన్లు. అందులో నలభై సెకన్లు నేను అడిగి తెచ్చుకున్న కెమెరాతో కుస్తీ పట్టాను. రీలు కడిగిస్తే నల్ల కాగితం మీద బియ్యపు గింజంత తెల్ల చుక్క వచ్చింది. పక్కనున్న మిత్రుడు ఫోటో తీయలేదు, నోరు తెరుచుకుని నిలబడ్డాడు. ఆయన ఇప్పటికీ ఆ నిమిషం గురించి పదిహేను నిమిషాలు చెప్పగలడు. నేను కెమెరా గురించే చెప్పగలను.

రెండోది 1999 ఆగస్టు 11. ఇది మన ఇంటి గడపలోకే వచ్చింది. అట్లాంటిక్ సముద్రంలో మొదలై, యూరప్, టర్కీ, ఇరాన్, పాకిస్తాన్ దాటి, గుజరాత్‌లో మన దేశంలోకి వచ్చి, సాయంత్రం ఆరింటికి శ్రీకాకుళం దగ్గర బంగాళాఖాతంలో దిగిపోయింది. వైజాగ్‌కి నూట పది కిలోమీటర్లు. జీపు మాట్లాడుకుని రెండు కుటుంబాలవాళ్ళం, మా ఏడేళ్ళ అమ్మాయితో సహా, శ్రీకాకుళం దాటి సముద్రం ఒడ్డుకి వెళ్ళాం. పులిహోర, చాపలు, పూర్ణా మార్కెట్లో కొన్న 14వ నంబరు వెల్డింగ్ అద్దాలు, అన్నీ సిద్ధం. ఒక్కటే ఆలోచించలేదు. గ్రహణం సూర్యాస్తమయం వేళ. మన తీరంలో సూర్యుడు సముద్రంలోంచి పుడతాడు గానీ సముద్రంలోకి దిగడు కదా! మేమంతా సముద్రానికి ఎదురుగా చాపలు పరిచాం, సూర్యుడేమో మా వీపుల వెనక సరుగుడు తోటలోకి జారుతున్నాడు. ఆకాశం బాగున్నా ఏమీ కనిపించేది కాదు. మా పరువు కాపాడటానికా అన్నట్టు మబ్బులు కూడా కమ్మేశాయి. పడమటినుంచి ఒక చీకటి తెర వచ్చి మీదుగా వెళ్ళిపోయింది, నిమిషం కూడా లేదు. కొంగలు గూళ్ళకి పోయాయి. మా అమ్మాయి పులిహోర తింటూ "అయిపోయిందా?" అంది.

అందుకని ఏ ఊరు ఎంచుకున్నా ఆ సమయానికి సూర్యుడు ఏ దిక్కున, ఎంత ఎత్తులో ఉంటాడో ముందు కాగితం మీద రాసుకోండి. లక్సర్‌లో ఈ బెడద లేదు. సంపూర్ణం మధ్యాహ్నం ఒంటిగంట దాటాక, మన టైమ్ మూడున్నర దాటాక. సూర్యుడు దాదాపు నడినెత్తిన, 82 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. హోటల్ డాబా మీంచి కూడా కనిపిస్తుంది. మెడ పట్టేయకుండా వెల్లకిలా పడుకోవడానికి చాప తీసుకెళ్ళండి. మన చాపలకి చివరికి సరైన వాడకం అదే.

మూడోది 2009 జూలై 22. ఇది కాస్త ఎక్కువ రాస్తాను, మీ నిర్ణయానికి పనికొచ్చేది ఇదే కాబట్టి. ఆ గ్రహణం సూరత్, భోపాల్, కాశీ, పాట్నాల మీదుగా పొద్దున్న ఆరున్నర లోపే దాటింది. పాట్నా దగ్గర తారెగ్నా అని చిన్న ఊరు. బాగా కనిపించే చోటు అదేనని పేపర్లన్నీ రాశాయి. ఆర్యభట్టుడి పేరుతో ముడిపడిన ఊరు, పైగా అక్కడ మూడున్నర నిమిషాల పైన సంపూర్ణం. మా అత్తగారు మాత్రం "గ్రహణ స్నానం అంటే కాశీలోనే చెయ్యాలి, మీరూ అక్కడికే రండి" అన్నారు. నేను నవ్వాను. "అత్తయ్యగారూ, మాది సైన్సు ట్రిప్పు" అన్నాను. ఆవిడ వాళ్ళ చెల్లెలి కుటుంబంతో కాశీ వెళ్ళారు. మేం హౌరా మీదుగా పాట్నా చేరి, అర్ధరాత్రి నుంచి తారెగ్నా జనంలో నిలబడ్డాం. వేలమంది. తెల్లవారింది, మబ్బు కదల్లేదు. ఒక్కసారిగా కటిక చీకటి, జనం ఈలలు, మళ్ళీ వెలుగు. సూర్యుడి ముక్క కూడా కనిపించలేదు. కాశీలో మబ్బు తప్పుకుంది. మోకాళ్ళ లోతు గంగలో నిలబడి మా అత్తగారు పూర్తి గ్రహణం, వజ్రపుటుంగరంతో (సూర్యుడు మూసుకునే ముందూ మళ్ళీ బయటపడగానే అంచున ఒకచోట మెరిసే వెలుగుతో) సహా చూశారు. పోయేదాకా ప్రతి సంక్రాంతికి, అల్లుళ్ళందరూ కూర్చున్నప్పుడు, "మా పెద్దల్లుడిది సైన్సు ట్రిప్పు" అని మొదలుపెట్టేవారు.

మేం చేసిన తప్పు తారెగ్నా వెళ్ళడం కాదు, వానాకాలంలో ఉత్తర భారతంలో ఎక్కడైనా అది జూదమే. ముందురోజు సాయంత్రమే ఆకాశం చూసి కూడా కదలకపోవడం తప్పు. బండి లేదు, లాడ్జికి డబ్బు కట్టేశాం, "ఇంతదూరం వచ్చాం కదా" అన్న మొండితనం. ఆ లాడ్జివాడు మా గదిని ఇంకో బ్యాచ్‌కి కూడా అమ్మాడు, అది వేరే రామాయణం.

ఇప్పుడు మీకు నచ్చే సంగతి ఒకటి. గ్రహణాలు 18 ఏళ్ళ 11 రోజుల 8 గంటలకోసారి దాదాపు అదే రూపంలో మళ్ళీ వస్తాయి. దీన్ని సారోస్ చక్రం అంటారు. ఆ మిగిలిన 8 గంటల్లో భూమి మూడో వంతు తిరుగుతుంది కాబట్టి దారి పడమటికి జరుగుతుంది. 2009 జూలై 22కి 18 ఏళ్ళ 11 రోజులు కలపండి. 2027 ఆగస్టు 2! మేం తారెగ్నాలో పోగొట్టుకున్నదానికి ఇది సొంత తమ్ముడు. అందుకే రెండూ అంత పొడుగు. ఈసారి లక్సర్‌కి కొద్ది దూరంలో గరిష్ఠంగా 6 నిమిషాల 23 సెకన్లు. నా 1995 నిమిషం పక్కన పెట్టి చూడండి.

నాలుగోది 2024 ఏప్రిల్ 8, డల్లాస్. మా అమ్మాయి అక్కడే ఉంటుంది. సంక్రాంతికి రమ్మంటే మేమే ఏప్రిల్‌కి మార్పించుకున్నాం. నాలుగు రోజుల ముందునుంచి వాతావరణం సైట్లన్నీ టెక్సాస్‌కి మబ్బే చూపించాయి. నాకు తిండి సహించలేదు. ఆరోజు పొద్దున్న కూడా మబ్బే. దక్షిణంగా కారులో ఒక గంట వెళ్తే ఇంకో అర నిమిషం ఎక్కువ దొరుకుతుందని నేను, ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే ఉన్నదీ పోతుందని అల్లుడు. ఈసారి అల్లుడి మాట విన్నాను, మామగార్లకి కూడా అనుభవం వస్తుంది కదా. ఇంటి దగ్గర పార్కులోనే కూర్చున్నాం. ఒంటిగంట నలభైకి కొద్ది ముందు మబ్బు పలచబడి చీలింది. గాలి చల్లబడింది. పల్చటి మబ్బు తెర వెనక నల్లటి బిళ్ళ, చుట్టూ పాలనురుగులాంటి కాంతి, కింద అంచున ఎర్రటి నిప్పుకణం ఒకటి, ఒక పక్క శుక్రుడు. ఈసారి కెమెరా తేలేదు. ఫోన్‌ని మాత్రం మావైపు తిప్పి వీడియో ఆన్ చేసి గడ్డి మీద పెట్టాను. అందులో సూర్యుడు లేడు. మా ఆవిడ "అయ్య బాబోయ్" అనడం, మా అమ్మాయి ఏడవడం, తర్వాత "నాన్నా, శ్రీకాకుళం బాకీ తీరింది" అనడం ఉన్నాయి. మీరూ అలాగే చేయండి. సూర్యుడి ఫోటోలు మనకన్నా బాగా తీసేవాళ్ళు లక్షమంది ఉన్నారు.

సరే, లక్సర్, స్పెయిన్ల లెక్కకి వస్తాను. స్పెయిన్ దక్షిణ కొసన టరీఫాలో నాలుగున్నర నిమిషాల పైన ఉంటుంది. కానీ జనం బుక్ చేసేది మాలగా నగరంలో, అక్కడ రెండు నిమిషాల లోపే. నీడ దారి అంచుకి దగ్గరవుతున్నకొద్దీ సెకన్లు కరిగిపోతాయి. ఆగస్టులో దక్షిణ స్పెయిన్ ఆకాశం మామూలుగా బాగానే ఉంటుంది గానీ, జిబ్రాల్టర్ జలసంధి దగ్గర తూర్పుగాలి వీస్తే తీరానికి తక్కువ ఎత్తు మబ్బు పడుతుంది. లక్సర్ ఎడారి ఊరు, ఆగస్టులో మబ్బు చుక్క కనిపించడం అపురూపం. వ్యవధి ఆరు నిమిషాల పైన. రెండుసార్లు మబ్బుకి బలైనవాణ్ణి కాబట్టి నా ఓటు అటే. జెడ్డా కూడా దారిలోనే ఉంది, అక్కడా సుమారు ఆరు నిమిషాలు. మీకు అక్కడ చుట్టాలుంటే వీసా సంగతి కనుక్కోండి, హోటల్ ఖర్చు మిగులుతుంది.

లక్సర్‌తో అసలు ఇబ్బంది ఎండ. ఆగస్టు మధ్యాహ్నం 40 డిగ్రీలు దాటుతుంది. మన ఉక్కపోత ఉండదు, పొడి వేడి. చెమట పట్టినట్టే తెలియదు గానీ ఒళ్ళు ఎండిపోతుంది. గ్రహణం పట్టు నుంచి విడుపు దాకా రెండున్నర గంటల పైనే. మీ అమ్మానాన్నలు అంతసేపూ బయట కూర్చోనక్కర్లేదు. నీడలోనో ఏసీ గదిలోనో ఉంచి, సంపూర్ణానికి పావుగంట ముందు బయటికి తీసుకురండి. ఇంకో మాట. మన పెద్దవాళ్ళు కొందరు పట్టు నుంచి విడుపు దాకా మంచినీళ్ళు కూడా ముట్టరు. వైజాగ్‌లో ఇంట్లో కూర్చుని చేసే నియమం అది, ఆ ఎండలో ప్రాణం మీదకి వస్తుంది. పిల్లలకి, వృద్ధులకి, రోగులకి మినహాయింపు శాస్త్రంలోనే ఉందని మీ పురోహితుడి చేతే ముందుగా చెప్పించండి. మనం చెప్తే వినరు. ఓఆర్‌ఎస్ పొట్లాలు ఇక్కడినుంచే తీసుకెళ్ళండి.

ప్రయాణం: వైజాగ్ నుంచి హైదరాబాదో ముంబయో వెళ్ళి, అక్కడినుంచి కైరో, కైరో నుంచి లక్సర్. కైరో, లక్సర్ మధ్య 650 కిలోమీటర్లు. విమానంలో గంట, రైలైతే దాదాపు పది గంటలు. గ్రహణం సోమవారం. కనీసం శుక్రవారం రాత్రికే లక్సర్‌లో ఉండండి. ఆదివారం చేరుదాం అనుకుంటే ఒక్క కనెక్టింగ్ ఫ్లైట్ లేటైనా మొత్తం పోతుంది. గ్రహణం మనకోసం ఆగదు, రీషెడ్యూల్ లేదు. తిరుగు ప్రయాణం బుధవారానికి పెట్టుకోండి, మంగళవారం ఊరంతా ఒకేసారి ఖాళీ చేస్తుంది. ముందు ఉన్న రెండు పొద్దుటి పూటల్లో ఆరింటికే బయల్దేరి కర్నాక్ గుడి, రాజుల లోయ చూసి పదింటికి గదికి వచ్చేయండి.

ముందు హోటల్, తర్వాత టికెట్లు, ఆ తర్వాత వీసా. ఈ వరుస ఎందుకంటే దొరకనిది గదే. క్యాన్సిల్ చేస్తే డబ్బు తిరిగొచ్చే బుకింగ్ చూడండి, కాస్త ఎక్కువైనా సరే. బుక్ చేశాక రెండు నెలలకోసారి హోటల్‌కి మెయిల్ రాసి ఖాయమేనని జవాబు తెప్పించుకోండి, నా పాట్నా లాడ్జి గుర్తుపెట్టుకుని. వీసా నిబంధనలు మారుతుంటాయి, ఏజెంటు మాట మీద కాకుండా రాయబార కార్యాలయం సైట్లో చూసుకోండి. స్పెయిన్ అయితే షెంగెన్ వీసాకి ప్రయాణానికి ఆరు నెలల ముందునుంచే దరఖాస్తు తీసుకుంటారు, అంతకన్నా ముందు తీసుకోరు. పాపకి పాస్‌పోర్టు లేకపోతే ఈ వారమే మర్రిపాలెం పాస్‌పోర్టు ఆఫీసుకి వెళ్ళండి.

కళ్ళద్దాల విషయంలో మొహమాటం వద్దు. ఐఎస్‌ఓ 12312-2 (సూర్యుణ్ణి చూసే అద్దాల అంతర్జాతీయ ప్రమాణం) అని ఉన్నవి, తలా రెండు. ఎక్స్‌రే ఫిల్ములు, మసిపట్టిన గాజు, పసుపు నీళ్ళ పళ్ళెంలో నీడ చూడటం, ఇవేవీ పనికిరావు. వాడేముందు బల్బుకేసి పట్టి సన్న రంధ్రాలున్నాయేమో చూడండి. నాన్నగారికి మామూలు కళ్ళద్దాలుంటే వాటి మీదే ఇవి పెట్టాలి. పూర్తిగా మూసుకుపోయాక మాత్రం తీసేయాలి! డల్లాస్‌లో మా పక్కన ఒకాయన భయంతో చివరిదాకా తీయలేదు, ఆయనకి కనిపించింది నలుపే. అంచున మళ్ళీ వజ్రంలా మెరవగానే పెట్టేసుకోవాలి. ఈ తీయడం, పెట్టడం పాపచేత ఇంట్లో నాలుగుసార్లు ఆడించండి. పాక్షికం సాగుతున్నప్పుడు ఏదైనా చెట్టు కిందకి తీసుకెళ్ళి నేల చూపించండి, ఆకుల సందుల్లోంచి పడే ప్రతి వెలుగు చుక్కా నెలవంకలా ఉంటుంది. పిల్లలకి సూర్యుడికన్నా అదే ఎక్కువ గుర్తుంటుంది.

పాపకి దారిలో చెప్పడానికి ఒక కథ. 1868 ఆగస్టు 18న, నడివానాకాలంలో, జాన్సెన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త గ్రహణం చూడటానికి మన గుంటూరు వచ్చాడు. ఆకాశం ఆయన్ని కరుణించింది. ఆ గ్రహణం వేళ సూర్యకాంతిని విడగొట్టి చూసినప్పుడు కనిపించిన పసుపు గీతే తర్వాత హీలియం అని తేలింది. మన వైజాగ్ డాబాగార్డెన్స్‌లో కూడా గోడే వెంకట జగ్గారావు గారు 1840లోనే సొంత అబ్జర్వేటరీ పెట్టారు. గ్రహణం కోసం సముద్రాలు దాటి జనం మన దగ్గరికి వచ్చేవాళ్ళు, ఇప్పుడు మన వంతు.

ఖర్చు కుదరకపోతే 2034 మార్చి 20 ఉంది, మన దేశంలోనే, కార్గిల్ వైపు. కానీ మార్చిలో అక్కడ మంచు, కొండలు, పైగా సాయంత్రపు సూర్యుడు. సరుగుడు తోట బదులు హిమాలయాలు అడ్డం వస్తాయి. మీ అమ్మానాన్నల వయసు చూసుకుంటే 2027నే ఖాయం చేసుకోండి.

మేమూ లక్సర్‌కే అనుకుంటున్నాం. గది బుక్ చేశాను. ఎన్ని డిగ్రీలుంటుందో మా ఆవిడకి ఇంకా చెప్పలేదు.